ఫుల్ థ్రాటిల్ వదిలాక ఐడిల్ దిగట్లేదు: నీడిల్ సమస్యా, గాలి లీకా?

బగ్గీబాబు:

అందరికీ నమస్తే. బండి 1/8 సైజు రిమోట్ కంట్రోల్ ఆఫ్‌రోడ్ బగ్గీ. ఇంజన్ 0.21 సైజు (3.5 సీసీ), స్లైడ్ కార్బ్ (జారే స్లైడ్‌తో గాలి దారి తెరుచుకునే కార్బ్యురేటర్), ఫ్యూయల్ సర్దే స్క్రూలు అంటే హై స్పీడ్, లో స్పీడ్ రెండే నీడిల్స్. ఫ్యూయల్ మెథనాల్‌లో 25 శాతం నైట్రో (నైట్రోమీథేన్), గ్లో ప్లగ్ మీడియం టర్బో, ట్యాంక్ 125 సీసీ. స్టార్టర్ బాక్స్ మీద స్టార్ట్ చేస్తాను.

సమస్య ఇదీ. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుంటుంది, ఐడిల్ నిలకడగా ఉంటుంది. సగం ట్యాంక్ అయ్యాక మాత్రం స్ట్రెయిట్ చివర థ్రాటిల్ వదిలితే ఆర్‌పీఎం వెంటనే దిగదు. మూడు నాలుగు సెకన్లు పైనే వేలాడి, తర్వాత మెల్లగా పడి, ఒక్కోసారి మలుపులోనే ఆగిపోతుంది. వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయడానికి ఇబ్బంది లేదు. ప్లగ్ దగ్గర టెంపరేచర్ మొదట్లో 118 డిగ్రీలు, ట్యాంక్ అడుక్కి వచ్చేసరికి 130 దాటుతోంది.

లో స్పీడ్ నీడిల్ పావు చుట్టు రిచ్ చేస్తే (ఫ్యూయల్ పెంచితే) వేలాడటం తగ్గింది కానీ, నిండు ట్యాంకుతో రేస్ ఇవ్వగానే ముక్కుతోంది, గళగళలాడుతూ పొగ కక్కుతోంది. వెనక్కి బిగిస్తే మళ్లీ మొదటికే. ఏది ముందు చూడాలి, ఏ వరుసలో వెళ్లాలి?

కార్బ్‌సూది:

వరుస అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇంకాసేపు నీడిల్స్ జోలికి వెళ్లకండి. ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఎయిర్ ఫిల్టర్ తీసి, రేడియో ఆన్ చేసి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి వదులుతూ కార్బ్ నోట్లోకి చూడండి. స్లైడ్ ప్రతిసారీ ఐడిల్ స్క్రూకి తగిలేదాకా వెనక్కి రావాలి. లింకేజ్ బాల్ కప్ బిగుసుకున్నా, స్లైడ్ మీది రబ్బరు బూట్ మడతపడినా, సర్వో (స్లైడ్‌ని కదిపే చిన్న మోటార్) బలహీనపడినా అర మిల్లీమీటరు తెరుచుకునే ఉండిపోతుంది. బయటికి అది అచ్చం లీన్ (గాలికి ఫ్యూయల్ చాలని) ఐడిల్‌లాగే కనిపిస్తుంది. దీన్ని పట్టుకోకుండా నీడిల్స్ తిప్పేవాళ్లే ఎక్కువ. పనిలో పనిగా వెనక చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి చూడండి. న్యూట్రల్‌లో బ్రేక్ ప్యాడ్లు డిస్క్‌కి రాసుకుంటుంటే ఇంజన్ ఊరికే వేడెక్కుతుంది, మీరు దాన్ని లీన్ అనుకుంటారు.

తర్వాత ఐడిల్ గ్యాప్. స్లైడ్ మూసి ఉన్నప్పుడు ఆ సందు సుమారు 0.5 నుంచి 1 మి.మీ. ఉండాలి. 0.7 మి.మీ. డ్రిల్ బిట్ వెనక భాగాన్ని సందులో పెట్టి, దాన్ని స్లైడ్ మెత్తగా పట్టుకునేలా ఐడిల్ స్క్రూ తిప్పితే మంచి మొదలు దొరుకుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడేది: లో స్పీడ్ లీన్‌గా ఉంటే ఐడిల్ పెరుగుతుంది, దాన్ని దించడానికి గ్యాప్ మూస్తారు. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ బాగానే వినిపిస్తుంది, వేడెక్కాక వేలాడి ఆగిపోతుంది. దీనికి తిరగేసిన కేసు, గ్యాప్ మరీ ఎక్కువ తెరిచి, పెరిగిన ఐడిల్‌ని లో స్పీడ్ రిచ్ చేసి కిందికి లాగడం. అప్పుడు అర నిమిషం ఐడిల్‌లో వదిలితే లోపల ఫ్యూయల్ పేరుకుని ఆగిపోతుంది. రెండింట్లోనూ ఐడిల్ ఒకే ఆర్‌పీఎంలో ఉన్నట్టే వినిపిస్తుంది. చెవికి తేడా తెలియదు కాబట్టే గ్యాప్‌ని కంటితో కొలవమనేది.

ఇప్పుడు నీడిల్స్. రెండూ కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన చోటికి తిరిగి తెచ్చేయండి. ఈ అంకె ఇంజన్ ఇంజన్‌కీ మారుతుంది కాబట్టి పక్క బండిది చూసి పెట్టొద్దు. హై స్పీడ్ నీడిల్ పూర్తిగా మూసేటప్పుడు మెత్తగా తగలగానే ఆపాలి, బలంగా బిగిస్తే నీడిల్ మొన చెడి ఇక ఎప్పటికీ సరైన ట్యూన్ రాదు. కుడికి బిగిస్తే లీన్, ఎడమకి వదిలితే రిచ్. ఏ మార్పైనా పన్నెండో వంతు చుట్టు మాత్రమే, అంటే స్క్రూడ్రైవర్ గీత గడియారంలో ఒక గంట జరిగినంత. మీరు తిప్పిన పావు చుట్టు అంటే మూడు గంటలు. అంత దూకుడుకి మధ్యలో ఉన్న సరైన చోటు దాటిపోతుంది.

ఇంజన్ వేడెక్కేదాకా రెండు మూడు నిమిషాలు నడిపాకే ట్యూనింగ్. ముందు హై స్పీడ్, తర్వాత లో స్పీడ్, చివర ఐడిల్. ఎందుకంటే చాలా కార్బ్‌లలో లో స్పీడ్‌కి వెళ్లే ఫ్యూయల్ కూడా హై స్పీడ్ నీడిల్ దాటుకునే వెళ్తుంది. కింద సర్ది తర్వాత పైది తిప్పితే కింద చేసిందంతా వృథా. హై స్పీడ్‌కి స్ట్రెయిట్ మీద ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. రిచ్‌గా ఉంటే శబ్దం మొద్దుబారి, టపటపలాడుతూ, చిక్కటి పొగతో సగంలోనే ఆగినట్టుంటుంది. ఒక్కో గంట బిగిస్తూ, ప్రతి మార్పు తర్వాత రెండు మూడు ల్యాపులు తిప్పాకే తీర్పు ఇవ్వండి. శబ్దం శుభ్రమై, పొగ గీత సన్నగా అయినా కనబడుతూ ఉండాలి. ఇంకో గంట బిగించినా వేగం పెరగలేదంటే ఆ గంట వెనక్కి ఇచ్చేయండి. స్ట్రెయిట్ మొదట్లో దూసుకెళ్లి చివర్లో ఊపిరి ఆగినట్టు తగ్గిందంటే అది లీన్. వెంటనే థ్రాటిల్ వదిలేయండి.

లో స్పీడ్‌కి పది సెకన్లు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారిగా థ్రాటిల్ ఇవ్వండి. ముక్కితే ఎలా ముక్కిందో గమనించండి. గళగళ శబ్దంతో, పొగతో నెమ్మదిగా లేస్తే రిచ్. పొగ లేకుండా ఠక్కున తెగిపోయినట్టు ఆగి అందుకుంటే, లేదా చచ్చిపోతే లీన్. ధృవీకరణకి పించ్ టెస్ట్: వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కార్బ్ పక్కనే ఫ్యూయల్ ట్యూబ్‌ని నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లు తిరిగి, చివర్లో ఆర్‌పీఎం కాస్త పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉంది. నొక్కగానే ఆగితే లీన్. బాగా రేస్ అయి, అయిదారు సెకన్లు లాగించి ఆగితే రిచ్. నొక్కే చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే ఉండాలి. ట్యాంక్ దగ్గర నొక్కితే ట్యూబులో మిగిలిన ఫ్యూయల్ వల్ల లెక్క తప్పుతుంది.

లీకుల_వేటగాడు:

పైన కార్బ్‌సూది గారు చెప్పిన వరుస బంగారం. కానీ తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. నిండు ట్యాంకుకి రిచ్, అడుక్కి వచ్చేసరికి లీన్. ట్యాంకులో ఎంత ఉందో నీడిల్‌కి తెలియదు కదా? ట్యాంక్ దిగేకొద్దీ కాస్త లీన్ అవడం ఏ బండికైనా మామూలే, రెండు మూడు డిగ్రీలు పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. నీది పన్నెండు డిగ్రీల పైనే తేడా. ఇది ట్యాంక్ ప్రెషర్ నిలవట్లేదన్న లక్షణం.

ఎగ్జాస్ట్ పైపు మీద ఉన్న నిపుల్ నుంచి ఎగ్జాస్ట్ ప్రెషర్ ట్యూబ్ ద్వారా ట్యాంకులోకి వెళ్లి ఫ్యూయల్‌ని కార్బ్‌కి తోస్తుంది. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు పైన ఖాళీ తక్కువ, ఫ్యూయల్ మట్టం ఎత్తులో ఉంటుంది, మూత కాస్త లీకైనా నడిచిపోతుంది. సగం అయ్యాక ఆ ఖాళీ అంతా నింపాల్సిన ప్రెషర్ మూత సందులోంచి పోతూ ఉంటే ఫ్యూయల్ తగ్గుతుంది, ఇంజన్ లీన్ అవుతుంది.

ట్యాంకుని బండిలోంచి తీసెయ్. మూత పెట్టి, ఒక నిపుల్‌ని వేలితో మూసి, రెండో నిపుల్‌కి ట్యూబ్ తగిలించి, మొత్తాన్ని నీళ్లలో ముంచి సిరంజితో గాలి ఎక్కించు. నోటితో ఊదకు, మెథనాల్ విషం. మూత చుట్టూ, ట్యాంక్ అతుకు గీత దగ్గర, నిపుల్స్ మొదట్లో బుడగలు వస్తాయేమో చూడు. మూత లోపలి రబ్బరు ఓరింగ్ ఉబ్బి గట్టిపడటం, మూత స్ప్రింగ్ వదులవడం ఇవే ఎక్కువగా దొరుకుతాయి. మూతని మడత దగ్గర కొంచెం వంచి సరిచేసినా తాత్కాలికమే, ఓరింగ్ మార్చడమే మేలు. లోపల నీటి చుక్క కూడా మిగలకుండా ఆరబెట్టి, కొద్దిగా ఫ్యూయల్‌తో కడిగి పారబోశాకే మళ్లీ బిగించు. ట్యాంక్ లోపలి ట్యూబ్, దాని చివరి బరువు లేదా ఫిల్టర్ కూడా చూడు. ఆ ట్యూబ్‌కి సూదిమొనంత బెజ్జం ఉంటే, మట్టం దాని కిందికి దిగినప్పటి నుంచి గాలి పీలుస్తుంది. అప్పటిదాకా కిక్కురుమనదు.

ట్యాంక్ బాగుంటే ప్రెషర్ లైన్ చూడు. పైపు నిపుల్ దగ్గర ఆ ట్యూబ్ వేడికి మెత్తబడి చిట్లుతుంది. మసి పట్టి నిపుల్ బెజ్జం మూసుకుపోతుంది, సన్నటి తీగతో పొడిచి చూడు. మానిఫోల్డ్, పైపు కలిసే చోట నల్లటి నూనె చారలు ఉంటే అక్కడ ఎగ్జాస్ట్ లీకవుతోంది, దాంతో ట్యాంకుకి వెళ్లే ప్రెషరూ పడిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా వేలాడటం పోకపోతే అప్పుడు ఇంజన్ మీదికి రా. గాలి దూరే చోట్లు: కార్బ్ మెడ కింది ఓరింగ్, బ్యాక్‌ప్లేట్ ఓరింగ్, ముందు బేరింగ్, కార్బ్ స్లైడ్ బూట్. కార్బ్‌ని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కి పట్టుకుని దాని పించ్ బోల్ట్ బిగించాలి, లేకపోతే ఓరింగ్ సరిగా నొక్కుకోదు. బ్యాక్‌ప్లేట్ నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా. అనుమానం తీరాలంటే ఇంజన్ ఐడిల్‌లో ఉండగా అతుకుల మీద చిక్కటి గ్రీజ్ పూయి. పూయగానే ఐడిల్ దిగిందంటే అక్కడే లీకు. మండే స్ప్రేలు మాత్రం కొట్టొద్దు. ఫ్లైవీల్ వెనక కొంచెం తడి మామూలే, ముందు బేరింగ్ గుండా సన్నగా కారడం చాలా ఇంజన్లలో ఉంటుంది. తుడిచిన ప్రతిసారీ ఒక్క ట్యాంకులోనే ఛాసిస్ మడుగైతే బేరింగ్ అయిపోయినట్టే.

పొగబండి:

లీకు, నీడిల్ తేడా చెప్పడానికి ఒక అడ్డదారి: లో స్పీడ్ నీడిల్ ఒక గంట తిప్పితే ఇంజన్ అదే నిష్పత్తిలో స్పందించి, రేపు కూడా అలాగే ఉంటే అది నీడిల్. పొద్దున సరిపోయింది మధ్యాహ్నానికి పోయి, సాయంత్రం మళ్లీ సరిపోతుంటే ముందు లీకు వెతకాలి. అయితే వాతావరణాన్ని కూడా కొంచెం లెక్కలోకి తీసుకోండి. చల్లటి పొడిగాలి దట్టంగా ఉంటుంది, ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి రిచ్ చేయాలి. ఎండ, ఉక్క, ఎత్తు ప్రదేశం అయితే ఆక్సిజన్ తక్కువ, లీన్ చేయాలి. ఎండ ఎక్కువ కదా అని భయపడి ఇంకా రిచ్ చేసేవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. రోజులో నీడిల్ మీద ఈ మార్పు సాధారణంగా స్క్రూ గీతకి ఒకటి రెండు గంటలు దాటదు. అంతకన్నా ఎక్కువ తిప్పాల్సి వస్తోందంటే తప్పు ఇంకెక్కడో ఉంది.

బగ్గీబాబు:

ట్యాంక్ నీళ్లలో ముంచగానే మూత చుట్టూ వరసగా బుడగలు. ఓరింగ్ మార్చాను, పైపు నిపుల్ కూడా సగం మసితో మూసుకుపోయి ఉంది, పొడిచి శుభ్రం చేశాను. స్లైడ్ వెనక్కి సరిగానే వస్తోంది, గ్యాప్ 0.7. ఇప్పుడు నిండు ట్యాంకుకీ అడుక్కీ తేడా మూడు డిగ్రీలే, వేలాడటం పోయింది. కానీ అంతా రిచ్ అయిపోయింది. ప్లగ్ దగ్గర 96, పొగ బాగా, స్ట్రెయిట్ మీద వేగం లేదు. 118 వచ్చేదాకా హై స్పీడ్ బిగించుకుంటూ పోతే సరిపోతుందా?

గ్లోప్లగ్_గురువు:

సరిపోదు. టెంపరేచర్‌ని గురిగా పెట్టుకుని ట్యూన్ చేయకూడదు. అది హెచ్చరిక మాత్రమే. ఇంతకుముందు మీరు చూసిన 118 లీకు కలిసిన 118. దాన్ని మళ్లీ తెచ్చుకోవాల్సిన పని లేదు. చాలా ఇంజన్లు ప్లగ్ దగ్గర 100 నుంచి 125 మధ్య హాయిగా నడుస్తాయి, కానీ ఒకే ఇంజన్ ఒకే ట్యూన్‌తో చల్లటి రోజు 105, ఎండ రోజు 120 చూపించొచ్చు. శబ్దం, పొగ, వేగం చూసి ట్యూన్ చేయండి. అన్నీ బాగున్నాయి అనిపించినప్పుడు ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి. మరో రోజు అదే పరిస్థితుల్లో దానికి పది డిగ్రీలు పైకి పోతే అప్పుడు అనుమానించండి. మీ 96 మాత్రం నిజంగానే తక్కువ, పొగా వేగమూ కూడా అదే చెప్తున్నాయి కాబట్టి బిగించండి, కానీ ఒక్కో గంటే.

కొలిచే పద్ధతిలోనే సగం గందరగోళం ఉంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌ని హెడ్ పైనుంచి ప్లగ్ గుంతలోకి గురిపెట్టాలి, రెక్కల మీద కాదు. ఎప్పుడూ అదే దూరం నుంచి, బండి ఆపగానే. మెరిసే అల్యూమినియం మీద ఈ గన్‌లు తక్కువ చూపిస్తాయి, అందుకే పక్కవాడి నల్ల హెడ్ బండితో మీ వెండి హెడ్ బండిని పోల్చడం దండగ. గన్ లేనప్పుడు ఒక నీటి చుక్క హెడ్ మీద వేయండి. మూడు నుంచి అయిదు సెకన్లలో మరిగి ఆవిరైతే ఫరవాలేదు. పడగానే చుర్రుమని ఎగిరి మాయమైతే వేడి ఎక్కువ. ఆవిరి కాకుండా అలాగే కూర్చుంటే చల్లగా ఉంది.

టెంపరేచర్ కన్నా నిజం చెప్పేది ప్లగ్. కొత్త ప్లగ్ వేసి, ట్యూన్ అయ్యాక ఒక ట్యాంక్ నడిపి, పూర్తి వేగం నుంచి నేరుగా ఆపి ప్లగ్ తీసి చూడండి. తీగ చుట్ట ఆకారం చెడకుండా, కొంచెం బూడిద రంగులో, అంచులు తడిగా ఉంటే బాగుంది. తీగ ఇంకా కొత్తదానిలా తళతళలాడుతూ అంతా నూనెతో తడిసి ఉంటే రిచ్. తీగ మెలికపడి, నలిగి, పక్కకి లాగినట్టుంటే లీన్, లేదా కంప్రెషన్ ఎక్కువ. హెడ్ బటన్ మీద, పిస్టన్ పైన సన్నటి గుంతలు, ఇసక చల్లినట్టు గరుకు కనిపిస్తే డెటొనేషన్ (ఫ్యూయల్ అదుపు తప్పి పేలినట్టు మండటం) జరుగుతోంది. నైట్రో శాతం పెంచినప్పుడు హెడ్ కింద 0.1 మి.మీ. షిమ్ (కంప్రెషన్ తగ్గించే పల్చటి రింగు) ఒకటి కలపాలి, తగ్గించినప్పుడు తీయాలి అనేది ఇందుకే. 25 శాతానికి సర్దిన ఇంజన్‌లో 16 పోసి, షిమ్ మార్చకుండా, పికప్ లేదని ఫ్యూయల్‌ని తిడితే ఎలా? నైట్రో తగ్గితే నీడిల్ కూడా కొంచెం బిగించాలి, ఎక్కువ నైట్రో ఎక్కువ ఫ్యూయల్ అడుగుతుంది.

ప్లగ్ ఎంపికలో సూత్రం చిన్నదే. ఎండ, పెద్ద ఇంజన్, ఎక్కువ నైట్రో ఉంటే చల్లటి ప్లగ్. చలి, చిన్న ఇంజన్, తక్కువ నైట్రో ఉంటే వేడి ప్లగ్. టర్బో ప్లగ్‌కి కింద కోన్ ఆకారం ఉంటుంది, వాషర్ ఉండదు. మామూలు ప్లగ్‌కి రాగి వాషర్ తప్పనిసరి. ఒకదాని హెడ్‌లో ఇంకోటి ఎక్కదు. ఇగ్నైటర్ (స్టార్టింగ్‌కి ప్లగ్‌ని వేడిచేసే బ్యాటరీ) పెట్టినప్పుడు ఐడిల్ బాగుండి, తీయగానే దిగిపోతుంటే లో స్పీడ్ రిచ్ లేదా ప్లగ్ ముసలిదైంది. ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు కొత్త ప్లగ్ వేయండి, లేకపోతే చచ్చిన ప్లగ్‌కి ట్యూన్ చేసినట్టవుతుంది.

కార్బ్‌సూది:

గురువు గారితో ఒక్కచోట తేడా ఉంది. టెంపరేచర్ పై హద్దు విషయంలో అంత ఉదారంగా ఉండొద్దు. మీ ఫ్యూయల్‌లో ఆయిల్ ఎంతుందో డబ్బా మీద చూడండి. రేసింగ్ ఫ్యూయల్‌లో 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది, మామూలు వాడకానికి చేసినవాటిలో ఇంకా ఎక్కువ. రెండు స్ట్రోకుల ఇంజన్‌కి ఫ్యూయలే ఆయిల్ కాబట్టి లీన్ చేయడమంటే రాడ్‌కీ స్లీవ్‌కీ (పిస్టన్ ఆడే గొట్టం) నూనె తగ్గించడం. 8 శాతం ఆయిల్‌తో 125 నడపడం, 12 శాతంతో 125 నడపడం ఒకటి కాదు. స్ట్రెయిట్ మీద అర సెకను లాభం కోసం రెండు గంటలు బిగిస్తే కనెక్టింగ్ రాడ్ రూపంలో చెల్లిస్తారు.

కొత్తగేర్:

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. కొత్త 0.21 ఇంజన్ పెట్టబోతున్నా. బ్రేక్-ఇన్‌కి (కొత్త ఇంజన్‌ని మెల్లగా అలవాటు చేయడానికి) నాలుగైదు ట్యాంకులు బాగా రిచ్ పెట్టి స్టాండ్ మీద ఐడిల్‌లోనే తిప్పమని కొందరు, నేల మీద నడపమని కొందరు. ఏది కరెక్ట్? ఇంకోటి, ఈ ఇంజన్ చేత్తో తిప్పితే పైన ఇరుక్కుపోతోంది, లోపమా?

లీకుల_వేటగాడు:

ఇరుక్కుపోవడం లోపం కాదు, అదే ఇంజన్ ప్రాణం. దాన్నే పించ్ అంటారు. స్లీవ్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ అక్కడ పట్టేస్తుంది. నడిచేటప్పుడు స్లీవ్ పైభాగం వేడికి వ్యాకోచించి సరైన కొలతకి వస్తుంది. రింగులు లేని ఈ ఏబీసీ (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్) రకం ఇంజన్లకి కంప్రెషన్ ఇచ్చేది ఆ బిగువే. ప్లగ్ తీసి, చల్లటి ఇంజన్ ఫ్లైవీల్ తిప్పినప్పుడు పైన ఎక్కడా పట్టకుండా జారిపోతే ఆ పించ్ అరిగిపోయింది. చల్లగా స్టార్టయి వేడి మీద మొండికేసే ఇంజన్లది ఎక్కువగా ఈ రోగమే. అందుకే బగ్గీబాబు వేడి స్టార్ట్ బాగుందని రాయగానే పిస్టన్ మీద అనుమానం పోయింది.

ఇక నీ మొదటి ప్రశ్న. చల్లగా, రిచ్‌గా, స్టాండ్ మీద గంటలకొద్దీ ఐడిల్‌లో తిప్పడం కొత్త ఇంజన్‌కి చేసే అపకారం. వేడెక్కని స్లీవ్‌లో పిస్టన్ ప్రతి చుట్టుకీ పైన ఇరుక్కుని ఊడి వస్తుంది, ఆ దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ మీదే పడుతుంది. పిస్టన్ అంచు కూడా అనవసరంగా అరుగుతుంది. స్టార్ట్ చేసే ముందే హీట్ గన్‌తో హెడ్, క్రాంక్‌కేస్ రెండూ 90 డిగ్రీల దాకా వేడి చెయ్. ఇంజన్ పైన ఇరుక్కుని ఉంటే స్టార్టర్‌తో బలవంతం చేయకు, ప్లగ్ ఒక చుట్టు వదులు చేసి తిప్పితే వదిలేస్తుంది.

స్టార్ట్ అయ్యాక నేల మీదే నడుపు. రిచ్‌గానే, కానీ హెడ్ 95 కింద పడకుండా. పడుతుంటే హెడ్ రెక్కల చుట్టూ అల్యూమినియం ఫాయిల్ కొంత చుట్టు, నీడిల్ బిగించకు. మొదటి ట్యాంక్ సగం థ్రాటిల్ దాకా మెల్లగా ఇస్తూ వదులుతూ నడుపు. ఒకే ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని ఉంచొద్దు. ట్యాంక్ అవగానే ఆపి, ఫ్లైవీల్‌ని తిప్పి పిస్టన్‌ని అడుక్కి తెచ్చి ఉంచు. ఫ్లైవీల్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటే సులువు. పైన వదిలేస్తే స్లీవ్ చల్లబడుతూ పిస్టన్‌ని పిండేస్తుంది, మొదటి రోజే పించ్ పోతుంది. పూర్తిగా చల్లారాక, మళ్లీ వేడి చేసి, రెండో ట్యాంక్. మూడో ట్యాంక్ నుంచి చిన్న చిన్న ఫుల్ థ్రాటిల్ పరుగులు, ట్యాంకుకి ఒక గంట చొప్పున బిగింపు. అయిదారు ట్యాంకులకి మామూలు ట్యూన్ దగ్గరికి వస్తావు. కొత్త ఇంజన్ ఐడిల్ ఇంకొన్ని ట్యాంకుల దాకా మారుతూనే ఉంటుంది, దాని వెంట పడొద్దు.

పొగబండి:

కొత్తగేర్‌కి రెండు ముక్కలు, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. ఎయిర్ ఫిల్టర్ లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు. స్పాంజ్‌కి ఫిల్టర్ ఆయిల్ బాగా పట్టించి, అదనంగా ఉన్నది పిండేసి, రబ్బరు మెడ లోపల పల్చగా గ్రీజ్ రాసి టై వేసి బిగించాలి. స్పాంజ్ బాగున్నా మెడ పక్కనుంచి దుమ్ము దూరిందంటే కొన్ని ట్యాంకుల్లోనే పించ్ ఖతం. స్టార్టర్ ఉన్నట్టుండి మొరాయిస్తే లోపల ఫ్యూయల్ నిండిపోయినట్టు. బలంగా తిప్పితే రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి, బండి తిరగేసి, బెజ్జం మీద గుడ్డ కప్పి నాలుగు చుట్లు తిప్పండి. మొహం పక్కకి పెట్టుకోండి, ఫ్యూయల్ చిమ్ముకుని కంట్లో పడుతుంది.

మెథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు. వేడి పైపు మీద ఫ్యూయల్ ఒలికినప్పుడు మంట లేదు కదా అని చెయ్యి పెట్టొద్దు. డబ్బా మూత ఎప్పుడూ బిగించి, చీకట్లో ఉంచాలి, మెథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఫ్యూయల్‌తో ఎంత తిప్పినా ఐడిల్ నిలవదు.

బండి పక్కన పెట్టే రోజు చివరి సారి ఎగ్జాస్ట్ మూసి ఆపకుండా, ట్యాంక్ ఖాళీ చేసి, ఐడిల్‌లో ఫ్యూయల్ ట్యూబ్ నొక్కి ఆపండి, క్రాంక్‌కేస్‌లో మిగిలింది కాలిపోతుంది. ఇగ్నైటర్‌తో ఇంకోసారి స్టార్ట్ చేయబోయి, అందుకోదని ఖాయం చేసుకోండి. తర్వాత కార్బ్ నోట్లో, ప్లగ్ బెజ్జంలో ఆఫ్టర్-రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) నాలుగేసి చుక్కలు వేసి, స్టార్టర్ మీద కొన్ని సెకన్లు తిప్పి, పిస్టన్ కిందికి తెచ్చి పెట్టేయండి. ఇది మానేస్తే ముందుగా తుప్పు పట్టేది వెనక బేరింగ్. దాని గుళ్లు గరగరలాడటం మొదలైతే రాడ్ పిన్ ఆట కూడా చూసుకోవాలి. పిస్టన్ సగం ఎత్తులో ఉండగా ఫ్లైవీల్‌ని కొంచెం అటూఇటూ ఊపండి. పిస్టన్ కదలకముందే ఫ్లైవీల్ ఆడుతున్నట్టు చేతికి తెలిస్తే రాడ్ మార్చే సమయం వచ్చింది.

బగ్గీబాబు:

హై స్పీడ్ మూడు గంటలు బిగించాక శబ్దం శుభ్రమైంది, పొగ గీత ఉంది, ప్లగ్ దగ్గర 109. లో స్పీడ్ ఒక గంట, పించ్ టెస్ట్‌లో మూడు సెకన్లకి ఆగుతోంది. నాలుగో గంట బిగిస్తే వేగం పెరగలేదు, అది వెనక్కి ఇచ్చేశాను. ప్లగ్ తీగ బూడిద రంగు, ఆకారం చెడలేదు. డబ్బా మీద ఆయిల్ 11 శాతం అని ఉంది.

కార్బ్‌సూది:

11 శాతానికి 109 అంటే నిశ్చింతగా నడపండి. రెండు నీడిల్స్ మూసి ఎన్ని చుట్లు తెరిచారో లెక్కపెట్టి, ఆ రోజు వాతావరణంతో పాటు ట్యాంక్ మూత లోపల కాకుండా బాడీ లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టుకోండి, మూత మీద రాస్తే ఫ్యూయల్ తుడిచేస్తుంది. ఓరింగ్ ఇంకోటి బాక్సులో ఉంచుకోండి.